గొడవపడ్డ మర్నాడు ఎక్కడ కూర్చుంటారు? చిన్న కాలేజీ, పెద్ద కాలేజీ మధ్య తేల్చుకోలేని పిల్లలకి

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చిన వారం నుంచి మా ఇంటి అరుగు ఖాళీగా ఉండదు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకి నేను లెక్కలు చెబుతాను. కాలేజీ సీట్లకి ఒడిశా ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్ సామ్స్‌లో అప్లికేషన్ నింపే రోజులొస్తే పిల్లలు ఫోన్లు పట్టుకుని వస్తారు, వెనకాలే అమ్మానాన్నలు. పెద్దవాళ్లు అడిగేవి నాకు కంఠతా వచ్చు. హాస్టల్‌కి ఎంతవుతుంది, బస్సుందా, కిందటేడు కటాఫ్ ఎంత, ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, అయ్యాక బీఈడీకి పనికొస్తుందా. అన్నీ అయ్యాక, వాళ్ల నాన్న బండి స్టార్ట్ చేస్తుంటే, పిల్ల ఒక్క నిమిషం వెనక్కొచ్చి చిన్న గొంతుతో అడుగుతుంది: "అక్కా, అక్కడ నాతో మాటాడేవోళ్లు ఉంటారా?"

ఆ ప్రశ్న వాళ్ల నాన్న చెవిన పడితే "చదువుకోడానికెళ్తున్నావా, కబుర్లకెళ్తున్నావా" అంటాడు. నేను అలా అనలేను. మధ్యాహ్నం పక్కన కూర్చుని తినే మనిషి లేని పిల్ల ముందు ఒక క్లాసు మానేస్తుంది. తరవాత ల్యాబ్ మానేస్తుంది. ఆ తరవాత ఆదివారం ఇంటికొచ్చి సోమవారం వెళ్లనంటుంది. నా దగ్గర బాగా చదివిన పిల్లలే ఇద్దరు అలా మధ్యలో ఆపేసి వచ్చేశారు. సబ్జెక్టు రాక కాదు. అందుకే హాస్టల్ ఫీజు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

రెండు రకాలూ నేను చూశాను. డిగ్రీ ఒక చిన్న కాలేజీలో చదివాను, మా మాథ్స్ ఆనర్స్‌లో 14 మందిమి. పీజీ బరంపురం యూనివర్సిటీలో, భంజ బిహార్ క్యాంపస్‌లో. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని చెప్పడానికి రాయడం లేదు. ఎవరికి ఏది పడుతుందో చెప్పగలనేమో చూస్తాను.

చిన్నది అంటే మూడు రకాలు

మన వైపు "చిన్న కాలేజీ" అన్న ఒక్క మాటతో మూడు వేరువేరు సంగతులు కలిపేస్తారు. ముందు వాటిని విడదీసుకోవాలి.

మొదటిది, తలకాయలు తక్కువ ఉండడం. మన చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో ఒక్కో ఆనర్స్ సబ్జెక్టుకి 16 సీట్లో, 32 సీట్లో ఉండడం మామూలే. అవి కూడా నిండకపోతే పదిమందితోనే క్లాసు నడుస్తుంది. రెండోది, వచ్చేవాళ్లంతా ఆ చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లే కావడం. మూడోది, మధ్యాహ్నానికే కాలేజీ ఖాళీ అయిపోవడం. ఈ మూడో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా అనుభవంలో పిల్లల్ని ఒంటరిని చేసేది ఎక్కువగా ఇదే. పిల్లలంతా బస్సుల మీద వచ్చేవాళ్లయి, ఊరికి పోయే ఆఖరి బస్సు మూడింటికైతే, రెండున్నరకి ఆ కాలేజీలో పిట్ట ఉండదు. 400 మంది చదువుతున్నా స్నేహం కుదిరే వేళ ఉండదు. స్నేహం క్లాసులో కుదరదు, క్లాసు అయ్యాక గేటు దగ్గర టీ బండి పక్కన, బఠాణీల ఘుగుని ప్లేటు ఇద్దరు పంచుకునేటప్పుడు కుదురుతుంది. ఆ అరగంట లేని కాలేజీ చిన్నదైనా పెద్దదైనా ఒకటే.

ఇదే లెక్కలో ఇంకో వైపు చూడండి. గుణుపురంలో, పర్లాకిమిడిలో ఇంజనీరింగ్ కాలేజీలుగా మొదలై యూనివర్సిటీలైన ప్రైవేటు క్యాంపస్‌లున్నాయి. ఊరు చిన్నదే, గేటు లోపల మాత్రం ఇంకో ఊరు. బరంపురంలో 2016లో మొదలైన ఐసర్ ఉంది, కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ. ఉత్కళ్ యూనివర్సిటీలాంటి వాటితో పోలిస్తే అక్కడ పిల్లలు తక్కువే, కానీ దేశంలో నలుమూలల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటారు, రాత్రి పదింటికి కూడా మనిషి దొరుకుతాడు. "చిన్న ఊరు కదా, బోరు కొడుతుంది" అనో "బరంపురం పెద్ద ఊరు కదా, స్నేహితులు దొరుకుతారు" అనో తేల్చేయకండి. ఊరిని కాదు, సాయంత్రం నాలుగింటికి గేటు లోపల ఎంతమంది మిగులుతారో చూడండి.

కాలేజీ పేరు చూసి తేల్చడం కూడా ఇలాంటిదే. ఒక తండ్రి నాతో "ఖల్లికోట కాలేజీ అంటే వి.వి. గిరి గారు చదివిన చోటండీ, ఇంకేం చూడాలి" అన్నారు. నిజమే, గిరి గారు బరంపురంలోనే పుట్టారు, అక్కడే చదివారు. ఆ పేరుకి విలువ ఉంది. కానీ ఆ తండ్రి కూతురు మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటుందో ఆ పేరు చెప్పదు.

గొడవ సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. చిన్న కాలేజీ మీకు పడుతుందా అని తెలుసుకోడానికి నేను పిల్లల్ని అడిగేది ఒకటే: "స్నేహితురాలితో గొడవపడ్డ మర్నాడు నువ్వేం చేస్తావు?"

మా 14 మందిలో ఆడపిల్లలం ఐదుగురం. రెండు బెంచీలు. రెండో ఏడు కార్తీకంలో ఫిజిక్స్ రికార్డు దగ్గర నాకూ, నా పక్కన కూర్చునే అమ్మాయికీ పెద్ద గొడవైంది. ఆమె రికార్డు తీసుకుని గ్రాఫు చూసి వేశాను. తప్పుతో సహా వేశాను. ఇద్దరి గ్రాఫులోనూ ఒకే చోట ఒకే తప్పు కనబడేసరికి లెక్చరర్ ఇద్దరి రికార్డులూ వెనక్కి కొట్టారు. ఆమె 12 ప్రయోగాలు మళ్లీ రాసుకోవాల్సొచ్చింది. తప్పు నాది. ఆమె మాట్లాడడం మానేసింది.

మర్నాడు పొద్దున్న క్లాసులోకి వెళ్తే మా ఇద్దరి మధ్య బెంచీ మీద ఆమె బ్యాగు ఉంది. అంతే. ఎవరూ ఏమీ అనలేదు. మిగతా ముగ్గురూ ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక పుస్తకాల్లోకి చూస్తూ కూర్చున్నారు. వెళ్లి ఇంకో చోట కూర్చుందామంటే ఇంకో చోటు లేదు, అటు పక్కంతా మగపిల్లలు. ఆ బ్యాగు పక్కన మూడు నెలలు కూర్చున్నాను. ఇంటికెళ్లి ఏడ్చిన రోజులున్నాయి.

వసంత పంచమికి కాలేజీలో సరస్వతి పూజ. మన వైపు కాలేజీల్లో అది ఎంత పెద్ద పండగో మీకు తెలుసు. ఉన్నదే ఐదుగురం కాబట్టి పనులన్నీ మా మీదే పడ్డాయి. తెలుగువాళ్ల పిల్లని కాబట్టి ముగ్గు నాకు చెప్పారు, ఆమెకి ఝోటి బాగా వచ్చు కాబట్టి ఆమెకీ చెప్పారు. మన ముగ్గు పిండి పొడిగా చిటికెలోంచి జారుతుంది. ఝోటి అలా కాదు, బియ్యం రుబ్బిన పిండిని నీళ్లలా కలిపి వేళ్లతో వేస్తారు. నాకు పిండి పాకిపోతోంది, రేకులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఉన్నది ఒకటే గిన్నె. ఆమె కాసేపు చూసి, నా మణికట్టు పట్టుకుని, చెయ్యి కిందకి తిప్పింది. "ఉంగరం వేలితో వెయ్యి, పిండి తక్కువ తీసుకో." మూడు నెలల తరవాత నాతో అన్న మొదటి మాట అది, ఒడియాలో. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి బొడి చురా సగం నా మూతలో వేసింది. మన మినప వడియాలు వేయించి, వెల్లుల్లి, పచ్చిమిరప వేసి చేత్తో నలిపినట్టుంటుంది. ఇప్పటికీ ఆమె ఊరెళ్తే అదే చేసి పెడుతుంది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, పీజీలో ఇలాంటిదే జరిగింది. చిన్న మాట మీద ఒక అమ్మాయితో చెడింది. నేను మర్నాడు వెళ్లి వేరే బెంచీలో కూర్చున్నాను, హాయిగా అనిపించింది, వారంలో వేరే గుంపు దొరికింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో కూడా నాకు తెలీదు.

చిన్న చోట గొడవ నుంచి పారిపోలేరు, అందుకే ఒక్కోసారి సర్దుకుంటుంది. పెద్ద చోట పారిపోవచ్చు, అందుకే ఒక్కోసారి స్నేహం పోతుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి. నాలుగు రోజులు మొహం ముడుచుకుని ఐదో రోజు వెళ్లి పలకరించగలిగే మనిషైతే చిన్న కాలేజీ మీకు మంచి చేస్తుంది. మాట పడ్డాక మనసు విరిగిపోయి మళ్లీ అతకని మనిషైతే, దయచేసి పెద్ద చోటే చూసుకోండి. అది లోపం కాదు, స్వభావం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అన్ని గొడవలూ ఝోటితో సర్దుకోవు. నా స్టూడెంట్ ఒకబ్బాయికి చిన్న కాలేజీలో మొదటి నెల్లో ఎవరో ఒక పేరు పెట్టారు. క్లాసులో పెట్టిన పేరు సాయంత్రానికి హాస్టల్‌కి చేరింది, వారానికి మెస్సులో వడ్డించే అతను కూడా అదే పేరుతో పిలిచాడు. ఆ పేరు ఎరగని మనిషి ఆ కాలేజీలో మిగల్లేదు. బరంపురంలోనైతే ఇంకో బ్లాకులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లుండేవారు. స్కూల్లోనే ఏడిపింపులు పడి వచ్చిన పిల్లల్ని, అదే స్కూలు పిల్లలు సగం మంది చేరే ఊళ్లో కాలేజీలో వేయొద్దని తల్లిదండ్రులకి చేతులు జోడించి చెబుతాను.

మనం తెలుగువాళ్లం కాబట్టి

మన పిల్లలకి దీనిలో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, కాగితం మీద ఒడియా. ఒడియా చదవడం రాయడం వచ్చినా, జోకు వేసేంత ఒడియా అందరికీ రాదు. స్నేహానికి కావాల్సింది ఆ జోకు వేసేంత భాషే.

పిల్లలంతా అనుకునేది "మనోళ్లు ఎక్కువ ఉంటే మంచిది" అని. మొదటి నెలకి అది నిజమే. బరంపురంలో తెలుగు ఎక్కడైనా వినిపిస్తుంది. హాస్టల్లో ఇచ్ఛాపురం వైపు పిల్లలు, రాయగడ వైపు పిల్లలు కనబడతారు. చేరిన రోజే గుంపు దొరుకుతుంది. అయితే ఆ గుంపులోంచి చదువైపోయేదాకా బయటికి రానివాళ్లని నేను భంజ బిహార్‌లో చూశాను. తెలుగువాళ్లతో తిని, తెలుగువాళ్లతో సినిమాకెళ్లి, ఒడియా వచ్చినంత వరకే ఉంచుకుని వచ్చేశారు. నేనూ ఆర్నెల్లు అలాగే ఉన్నాను. 14 మందిలో ముగ్గురు తెలుగువాళ్లున్న క్లాసులో అలా కుదరదు. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడకపోవచ్చు, అప్పుడు ఒడియాలో స్నేహం చేయక తప్పదు. నాకు ఒడియా నిజంగా వచ్చింది ఆ చిన్న కాలేజీలోనే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక పెద్ద యూనివర్సిటీనీ, అక్కడి చిన్న కాలేజీలనీ పోల్చి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. మనుషులు ఎక్కువున్న చోట స్నేహితులు ఒకరికొకరు అచ్చం ఒకలాంటి అభిప్రాయాలవాళ్లే అవుతున్నారనీ, చిన్న చోట అంతగా పోలికలేని వాళ్లు స్నేహితులవుతున్నారనీ, ఆ స్నేహాలు దగ్గరగా ఉంటున్నాయనీ అందులో తేలింది. కారణం సులువే. ఎంచుకోడానికి చాలామంది ఉంటే మనలాంటి వాళ్లనే ఎంచుకుంటాం. లేకపోతే ఉన్నవాళ్లలోనే మంచి వెతుక్కుంటాం.

మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక తెలుగు కోసం ఎంత పోట్లాడారో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయనే ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఈ గడ్డ మీద తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లు పక్కవాడి భాషకి దూరంగా ఉండలేదని పిల్లలకి చెప్పాల్సొచ్చినప్పుడు నేను ఆయన్నే చూపిస్తాను.

అయినా ఒక హెచ్చరిక. మొత్తం కాలేజీలో తెలుగు పిల్ల మీరొక్కరే అయితే, ఒడియా మాట్లాడడం ఇంకా తడబాటుగా ఉంటే, మొదటి ఆర్నెల్లు చాలా కష్టం. కనీసం ఒక్కరైనా ఉండేలా చూసుకోండి. లేదా చేరేలోపు రెండు నెలలు పట్టుబట్టి ఒడియాలోనే బేరాలాడండి.

పెద్ద చోట ఏం దొరుకుతుంది

దొరికేవి చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం లెక్క. మీకు చదరంగం పిచ్చి అనుకోండి, లేదా పద్యాలు, లేదా కోడింగ్. వందమందిలో ఒక్కరికి ఆ పిచ్చి ఉంటుందనుకుంటే, 200 మంది ఉన్న కాలేజీలో మీతో కలిపి ఇద్దరు. ఆ రెండోవాడితో మీకు పడకపోతే ఆట అయిపోయింది. 4,000 మంది ఉన్న చోట 40 మంది. ఒక్క ఇష్టం మీదే బతికే పిల్లలకి పెద్ద కాలేజీయే సరైనదని నా గట్టి అభిప్రాయం. విశాఖ వెళ్లగలిగితే అదీ మంచిదే, బరంపురం నుంచి రైల్లో సుమారు నాలుగు గంటలు.

రెండోది, ఎవరికీ తెలియకుండా ఉండగలగడం. ఆడపిల్లలకి దీని విలువ మగవాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఊళ్లో చిన్న కాలేజీలో ల్యాబ్ పార్ట్‌నర్‌తో టీ తాగితే మీకన్నా ముందు ఆ కబురు ఇంటికి చేరుతుంది. ఎవరి అమ్మాయి, ఏ వీధి, ఏ కులం అన్నీ అందరికీ తెలుసు. ఆ చూపుల బరువు మోయలేక మంచి పిల్లలు ముడుచుకుపోతారు. అలాంటి ఇంటి పిల్లని ఇంకో ఊళ్లో హాస్టల్ ఉన్న కాలేజీలో వేయమంటాను, చిన్నదైనా సరే.

కానీ తెలియకపోవడానికి రెండో వైపు ఉంది. పీజీ మొదటి ఏడు నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు క్లాసుకి వెళ్లలేదు. ఐదో రోజు వెళ్తే ఎవరూ అడగలేదు, నేను రాలేదని ఎవరికీ తెలీదు. డిగ్రీలోనైతే ఒక్క రోజు మానేసినా మా ప్యూన్ "నిన్న రాలేదేటమ్మా" అనేవాడు.

చివరికి ఎవరికి ఏది

సిగ్గరి పిల్లలకి పెద్ద కాలేజీ అయితే "అలవాటు పడతారు" అని చాలామంది అంటారు. నాకు కనబడింది ఇందుకు తలకిందులు. సిగ్గరి పిల్లలు 500 మందిలో వెనక బెంచీలో మాయమైపోతారు. 14 మందిలో మాయం కాలేరు, పూజకి పూలు ఎవరో ఒకరు తేవాలి కాబట్టి వాళ్లకీ పని పడుతుంది. సేవా కార్యక్రమాలు చేసే ఎన్నెస్సెస్ యూనిట్‌లో 100 మందిని తీసుకుంటారు. 300 మంది ఉన్న కాలేజీలో అంటే ముగ్గురిలో ఒకరు. ఏడు రోజుల క్యాంపుకి సిగ్గరి పిల్ల కూడా వెళ్లాల్సొస్తుంది, వెళ్లొచ్చాక వేరే మనిషిలా ఉంటుంది.

చిన్న చోట ఇబ్బందిపడేది ఎక్కువగా గట్టి అభిప్రాయాలు, గట్టి గొంతు ఉన్నవాళ్లు. వాళ్లు ఒక మాట అంటే అది మూడేళ్లు వాళ్లతోనే తిరుగుతుంది.

వెళ్లి చూడడం మాత్రం మానకండి. అడ్మిషన్ రోజున కాదు, ఆ రోజు అన్ని కాలేజీలూ ఒకేలా ఉంటాయి. సెలవు కాని మామూలు మంగళవారమో బుధవారమో ఒంటిగంటకి వెళ్లి రెండు గంటలు ఊరికే గేటు దగ్గర, క్యాంటీన్ దగ్గర ఉండండి. ఒక్కళ్లే కూర్చుని తినేవాళ్లు ఎంతమంది, సీనియర్లు జూనియర్లతో కలిసి కూర్చుంటున్నారా, క్లాసులయ్యాక ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు చూడండి. హాస్టల్ ఉంటే ఆదివారం ఎంతమంది మిగులుతారో వార్డెన్‌ని కాదు, అక్కడ చదివే పిల్లల్ని అడగండి.

సామ్స్‌లో చాయిస్‌ల వరస విషయంలో ఒక్క మాట. ఒక చోట సీటు వచ్చాక స్లైడ్ అప్, అంటే పై చాయిస్‌కి మారతాననే ఆప్షన్, పెడితే, పై చాయిస్‌లో సీటు వస్తే కిందది పోతుంది. కాబట్టి "పైన ఊరికే పెట్టాను" అనకండి. నిజంగా ఉండగలిగే చోటే పైన పెట్టండి.

ఆ రోజు బండి దగ్గర నుంచి వెనక్కొచ్చి అడిగిన పిల్లకి నేను చెప్పింది ఇదే, వెళ్లి చూడమని. మొదట బరంపురం పెట్టింది, మూడోది ఒక చిన్న కాలేజీ. బుధవారం వాళ్ల అన్నయ్యతో ఆ చిన్న దానికి వెళ్లింది. రెండున్నరకి అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"అక్కా, ఇంకా చాలామంది ఉన్నారక్కా. ముగ్గురు మనోళ్లు కూడా."

"ఎవరైనా పలకరించారా?"

"సీనియరొకామె 'ఖాఇలు కి' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తినలేదన్నాను. బన్ను సగం ఇచ్చింది."

ఆ రాత్రే మూడోదాన్ని పైకి మార్చుకుంది.